మైసూరు పేట చుట్టు విప్పితే

మా నాన్న రిటైరైన రోజు ఆయన తల మీద పెట్టిన మైసూరు పేట పంతొమ్మిదేళ్లు బీరువా మీద అట్టపెట్టెలో భద్రంగా ఉంది. మొన్న ఇల్లు మారినప్పుడు గ్రైండర్ కింద పడి అప్పడమైపోయింది. గ్రైండర్ ఆ పెట్టె మీద పెట్టింది నేనే. నాన్న ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఇబ్బంది, నాలుగు తిట్టుంటే అక్కడితో పోయేది. "పోన్లేరా, పాతబడింది" అని పెట్టె మూత పెట్టేసి, రెండు రోజుల తర్వాత మళ్లీ మూత తీసి చూస్తూ నాకు దొరికిపోయాడు. అప్పుడే అనుకున్నాను, దీన్ని మైసూరు తీసుకెళ్లి బాగు చేయించుకుని రావాలని.

మైసూరు పేట కోసం వెళ్తున్నానంటే ఆఫీసులో ఒకాయన "అదెక్కడ, రైల్వే స్టేషన్ వెనకా?" అని అడిగాడు. ఆయన తప్పేం లేదు, మనకి పేట అంటే సూర్యాపేట, చిలకలూరిపేట. కన్నడంలో బజారు 'పేటె', తలపాగా 'పేట', చివర ఒక్క అచ్చే తేడా. అక్కడ ఎవరికి సన్మానం జరిగినా శాలువా, పూలహారం, పళ్ల బుట్టతో పాటు తల మీద పేట పెట్టాల్సిందే. కాస్త పెద్ద సభ అయితే గంధపు చెక్క పేళ్లతో అల్లిన దండ కూడా వేస్తారు. నాన్నకి ఇవన్నీ జరిగాయి. బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ముప్పై ఏళ్లు పనిచేసి ఫోర్‌మన్‌గా దిగాడు, నేను పదో తరగతి దాకా అక్కడే చదివాను, అందుకే కన్నడం అర్థమవుతుంది కానీ మాట్లాడితే ఎదుటివాళ్లు వెంటనే తెలుగులోకి వచ్చేస్తారు.

శనివారం, ముద్దెనహళ్లి

రాత్రి హైదరాబాద్‌లో ఎక్కిన బస్సు తెల్లారకముందే చిక్కబళ్లాపురం బయట హైవే మీద దింపేసి పోయింది. నేరుగా మైసూరు వెళ్లకుండా ఇక్కడ దిగడానికి కారణం ఉంది. మైసూరు పేట అనగానే నాకు గుర్తొచ్చే మొహం మహారాజులది కాదు, మోక్షగుండం విశ్వేశ్వరయ్యది. సూటు, టై, వాటి మీద బంగారు జరీ అంచున్న తెల్ల పేట. హైదరాబాద్‌లో ఖైరతాబాద్ దగ్గర విగ్రహంగా రోజూ కనిపించే మనిషే, ఆయన పుట్టిన ఊరు ఈ హైవేకి పక్కనే ఉంటే చూడకుండా ఎలా పోతాను.

టీ బంకు దగ్గర నా కన్నడం బయటికి తీసే అవసరమే రాలేదు. "యాడి నుంచి వచ్చినారు సార్?" అని అడిగాడు టీ పోసే అబ్బాయి. కోలారు, చిక్కబళ్లాపురం, బాగేపల్లి వైపు సగం మందికి ఇంట్లో తెలుగే, బోర్డులు మాత్రం కన్నడంలో. నంది కొండ మీద మంచు, కింద ద్రాక్ష తోటలు, ఆటో వాడు పాడుతున్న పాత తెలుగు పాట, పావుగంటలో ముద్దెనహళ్లి వచ్చేసింది.

1861 సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పుట్టింది ఈ ఊళ్లోనే, ఇంజినీర్స్ డే ఆ తేదీకే చేస్తారు. ఇంటిని మ్యూజియంగా ఉంచారు, పెద్ద హంగేమీ లేదు. వాళ్ల పూర్వీకులు మన గిద్దలూరు వైపున్న మోక్షగుండం నుంచి ఇటు వలస వచ్చినవాళ్లు, ఊరు వదిలినా పేరులో ఊరు వదల్లేదు. గోడల మీది ఫొటోలు చూస్తూ నడుస్తుంటే ఒకటి తట్టింది, వయసు మారుతోంది, పక్కనున్న మనుషులు మారుతున్నారు, తల మీద పేట మాత్రం అలాగే ఉంది. మైసూరు దివానుగా 1912 నుంచి 1918 దాకా, 1955లో భారతరత్న వచ్చినప్పుడు, 1962లో నూరేళ్లు దాటి పోయేదాకా ఆయన వేషం ఇదే. మెడ కింద ఇంగ్లండు, మెడ పైన మైసూరు. ఆ కాలంలో తెల్లదొరల కింద పెద్ద ఉద్యోగం చేసినవాళ్లలో చాలామంది ఇలాగే ఉంటారు, కోటు వేసుకున్నారు కానీ టోపీ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. మన తెలుగు వాచకంలోని కందుకూరి వీరేశలింగాన్ని, గిడుగు రామమూర్తిని గుర్తు తెచ్చుకోండి, పాగా లేకుండా ఆ మొహాలు ఊహకి రావు.

హైదరాబాద్ వాళ్లు ఆయనకి వేరే బాకీ ఉన్నారు. 1908 సెప్టెంబర్‌లో మూసీ వరద నగరాన్ని ముంచేశాక నిజాం ప్రభుత్వం పిలిపించింది ఈయన్నే, ఆ సలహాల నుంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. నా చిన్నప్పటి బకెట్టులో నీళ్లు బెంగళూరువి కాబట్టి నాకు సొంతంగా ఈ ఋణం లేదు, మా ఆవిడకి ఉంది.

బయట ఒక పెద్దాయన గంపలో వేరుశనక్కాయలు అమ్ముతున్నాడు. తలకి ఎర్ర గళ్ల తువ్వాలు. "పేట కట్టడం వచ్చా పెద్దాయనా?" అని అడిగితే నవ్వాడు. "ఇది తలగుడ్డ సామీ. పేట గొప్పోళ్లది" అని, తువ్వాలు విప్పి, నా కళ్ల ముందే మళ్లీ చుట్టేశాడు, మూడు సెకన్లు కూడా పట్టలేదు. అదే గుడ్డని మెలిపెట్టి చుట్టకుదురు చేసి తల మీద పెట్టుకుని దాని పైన గంప ఎత్తుకున్నాడు. ఎండకి అదే, చెమటకి అదే, చెట్టు కింద పడుకుంటే దిండు అదే, ఇంటికి పోయేటప్పుడు బియ్యం మూట కట్టేదీ అదే. నా సంచిలో నలిగిన నాన్న పేట తీసి చూపించాను. చేతిలోకి తీసుకోలేదు, చేతులు వెనక్కి పెట్టుకుని వంగి చూశాడు. "ఎవురిది సామీ, మీ నాయనదా? మంచిది" అన్నాడు, అంతే.

మధ్యాహ్నం బెంగళూరు, అక్కడి నుంచి రైలు. మద్దూరులో మద్దూరు వడ తిన్నాను, వేడిగా లేదు, అయినా బాగుంది.

ఆదివారం, మైసూరు, ప్యాలెస్

ఈ ప్యాలెస్‌కి ఎనిమిదో తరగతిలో స్కూలు ఎక్స్‌కర్షన్‌లో వచ్చాను, అప్పుడు గుర్తున్నది ఒక్కటే, నా చెప్పులు పోయాయి. ఇప్పుడూ చెప్పులు బయటే వదలాలి, టోకెన్ ఇస్తారు. పాత చెక్క ప్యాలెస్ 1897లో పెళ్లి వేడుకల్లో కాలిపోతే, హెన్రీ ఇర్విన్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ చేత 1912 నాటికి ఇది కట్టించారు.

అందరూ దర్బారు హాలు స్తంభాల దగ్గర ఫొటోలు తీసుకుంటూ ఉంటే నేను కల్యాణ మండపం గోడల దగ్గర గంటన్నర నిలబడిపోయాను. అక్కడ చుట్టూ దసరా ఊరేగింపు నూనె రంగుల బొమ్మలు, మొత్తం 26. ఏనుగు, బంగారు అంబారీ, గుర్రాలు, బ్యాండు, పల్లకీలు. మొహాలు వదిలేసి తలలు మాత్రమే చూడండి, అది వేరే ప్రదర్శన. మహారాజుకి పట్టు, జరీ, ముందు భాగంలో రత్నాల నగ, దాని పైకి లేచిన తురాయి. అధికారులకి తెల్ల పేట మీద జరీ పట్టీ, సైనికుల తలపాగాలు దళాన్ని బట్టి ఒక రంగు, బంటులకి మరో రంగు, పక్కన నిలబడి చూసే జనంలో ఒక్కొక్కడిది ఒక్కో తీరు. దూరం నుంచి తల చూసి మనిషి ఎవరో, ఎంతటివాడో చెప్పేయొచ్చు. ఇప్పుడు మెడలో వేలాడే ఐడీ కార్డు చేసే పని అప్పుడు తల మీది గుడ్డ చేసేది.

మన పేపర్లు వారానికోసారి 'కిరీటంలో కలికితురాయి' అని రాస్తాయి కదా, ఏ ఫ్లైఓవర్ ఓపెన్ చేసినా. నిజానికి కలికితురాయి తలపాగా మీది నగ. ఈ బొమ్మల ముందు నిలబడితే ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది.

ప్యాలెస్ బయట కుర్రాళ్లు రెండొందల యాభైకి పేటలు అమ్ముతున్నారు. గులాబీ రంగు, మెరుపు కాగితం లాంటి జరీ, సెల్ఫీ దిగేవాళ్లు పెట్టుకుని దిగి మళ్లీ ఇచ్చేస్తున్నారు కూడా. ఒక కొత్త జంటలో ఆ అమ్మాయి పెట్టుకుంది, అబ్బాయి కంటే ఆమెకే బాగా నప్పింది. కె.ఆర్. సర్కిల్‌లో పాలరాతి నాల్వడి (నాలుగో) కృష్ణరాజ ఒడెయార్ ఇదే పేటతో నిలబడి ట్రాఫిక్ చూస్తున్నాడు. 1940లో పోయిన ఆ రాజు పేరు చెబితే ఇక్కడ ఆటోవాళ్లు ఇప్పటికీ మన ఇంట్లో పెద్దాయన గురించి చెప్పినట్టు చెబుతారు.

ఆదివారం కాబట్టి రాత్రి ఏడింటికి దీపాలు వేశారు. దాదాపు లక్ష బల్బులు ఒక్కసారిగా వెలిగితే జనం అంతా 'ఓ' అన్నారు, నేనూ అన్నాను.

దీపాల కిందే కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను. రాజుల దర్బారుకి వచ్చేవాళ్లకి పద్ధతి ఏమిటో చెప్పాను, చెప్పులు బయట వదలాలి, తలపాగా మాత్రం తీయకూడదు, ఉత్త తలతో రాజు ముందుకి వెళ్లడం అమర్యాద. ఇంగ్లీషువాళ్లకి సరిగ్గా తిరగేసి, వాళ్లు బూట్లతో లోపలికొచ్చి టోపీ తీస్తారు. ఇది తమాషాగా ఉంటుందని చెప్పాను నేను.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మా నాయినకి ఇంకో తీరు ఉండేరా" అన్నాడు.

మా తాత వరంగల్ వైపు పల్లెలో పాలేరు. తలకి రుమాలు చుట్టేవాడని తెలుసు, ఒక్క ఫొటో కూడా లేదు. నాన్న చెప్పింది ఇది: పొలంలో ఎంతసేపైనా రుమాలు తల మీదే ఉండేది, దొర గడీ కనబడే మలుపు దగ్గరికి రాగానే తీసి చంకలో పెట్టుకునేవాడు. చెప్పులు ఉంటే అవీ చేతిలోకి. గడీ దాటి వంద గజాలు పోయాక మళ్లీ చుట్టుకునేవాడు. "నాకు ఆరేడేళ్లు ఉంటయి. రోజూ అక్కడికి రాంగనే ఎందుకు తీస్తడో తెల్వక, గాలికి పడిపోతదని తీస్తున్నడు అనుకున్న." నాన్న ముప్పై ఏళ్లలో బెంగళూరు మనిషి అయిపోయి పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, పాత సంగతులు చెప్పేటప్పుడు మాత్రం ఊరి మాట వచ్చేస్తుంది.

రిటైర్‌మెంట్ రోజు స్టేజీ మీద ఫ్యాక్టరీ పెద్ద సారు తన చేతులతో పేట పెట్టాడట, అది వదులై చెవుల మీదికి జారితే రెండు చేతులతో సర్ది మరీ పెట్టాడట. ఇన్నేళ్లలో ఈ రెండు సంగతులూ ఒకే పూట ఎప్పుడూ చెప్పలేదు నాన్న. నేను ఆ పెట్టె మీద గ్రైండర్ పెట్టాను.

సోమవారం, పేట పని

పొద్దున మహారాజా కాలేజీ బయట నుంచి చూసొచ్చాను. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1918 నుంచి 1921 దాకా ఇక్కడ ఫిలాసఫీ చెప్పారు, కలకత్తాకి వెళ్లిపోతుంటే విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే స్టేషన్ దాకా లాక్కెళ్లారని చెప్పుకుంటారు. ఆయన తెల్ల తలపాగా కూడా మనకి బాగా తెలిసిందే. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు ఇదే కాలేజీలో 38 ఏళ్లు తెలుగు చెప్పారు. మైసూరులో తెలుగు వెతకాలంటే ఇంకో ప్రయాణం పెట్టుకోవాలి, ఇప్పుడు చేతిలో నలిగిన పేట ఉంది.

దేవరాజ మార్కెట్ పూల వరసలు దాటి, కుంకుమ కుప్పలు దాటి, చుట్టుపక్కల వీధుల్లో పేటలు అమ్మే దుకాణాలు నాలుగైదు తిరిగాను. అందరిదీ ఒకటే మాట, పాతది బాగు చేయడమెందుకు, కొత్తది తీసుకోండి. నాటకాలకి ఒక రకం, పెళ్లికొడుక్కి ఒక రకం, స్కూళ్లలో ఎత్నిక్ డే కోసం పిల్లల సైజు, దేవుడి విగ్రహాలకి అరచేయంత. సన్మానాలకి డజన్ల లెక్కన, ఒకదాంట్లో ఒకటి దూర్చి ప్లాస్టిక్ బకెట్ల లాగా పేర్చి ఉన్నాయి. సైజు అడిగితే 'ఫ్రీ సైజు' అన్నాడు ఒకతను, నాన్నకి చెవుల మీదికి ఎందుకు జారిందో అప్పుడు అర్థమైంది.

చివరికి ఒక దుకాణదారు విసుగుతోనే ఒక సందు చూపించాడు. అక్కడ కుట్టుమిషన్ ముందు డెబ్బై దాటిన పెద్దాయన. పేట చేతిలోకి తీసుకుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, లోపలి వైపు చూసి, "యారు కట్టిద్దు ఇదు?" అన్నాడు. ఎవరు కట్టారో నాకేం తెలుసు. "కట్టిరోదల్ల సార్. అంటిసిరోదు." కట్టింది కాదు, అంటించింది.

బ్లేడుతో అస్తరు ఒక పక్క విప్పాడు. లోపల గుండ్రంగా వంచిన అట్ట, దాని మీద బంక ఎండి పసుపు పచ్చగా అయిపోయింది. అట్ట ఇంకొంచెం తిప్పితే దాని మీద అచ్చు అక్షరాలు, పువ్వు బొమ్మ. అగరుబత్తీల డబ్బా అట్ట. మైసూరు కదా, అగరుబత్తీల అట్టకి కరువేముంది. పెద్దాయన పగలబడి నవ్వి, నా మొహం చూసి ఆపేశాడు. పైన గుడ్డ కూడా ఒకటే పొడుగు ముక్క కాదు, మూడు ముక్కలు మడతలుగా పేర్చి అంటించారు, పట్టు కూడా కాదు. బాగు చేయడానికి ఇందులో ఏమీ లేదు, నలిగింది పేట కాదు, అట్ట.

కాసేపు ఏం చేయాలో తోచలేదు. సందు చివర కాఫీ తాగి మళ్లీ వెళ్లాను.

అసలు పేట ఎలా ఉంటుందో చూపించమంటే, పని ఆపి మరీ చూపించాడు. చీరంత పొడవున్న గుడ్డ. ఉత్త పట్టు అయితే జారిపోతుంది, అందుకని ఆయన నూలు కలిసిన రకం వాడతాడు. నీళ్లు చిలకరించి, పొడుగునా సన్నటి మడతలు పెట్టాడు, ఒక కొస పనిచేసే కుర్రాడికి ఇచ్చి గుమ్మం దగ్గర నిలబెట్టాడు, రెండో కొస తన మోకాలి మీద. తల ఉండాల్సిన చోట మోకాలు. "మోకాలు కదలదు, మాట్లాడదు, ఫోన్ చూసుకోదు" అన్నాడు కన్నడంలో. కుర్రాడు కొంచెం కొంచెంగా దగ్గరికి నడుస్తూ గుడ్డని బిగువుగా పట్టి ఉంచుతాడు, ఈయన ఏటవాలుగా ఒక చుట్టు మీద ఒక చుట్టు వేస్తాడు. కిటుకంతా జరీ అంచులో ఉంది. ప్రతి చుట్టులోనూ అంచు ఒక వేలెడు మేర మాత్రమే బయటికి కనబడాలి, మెట్లు మెట్లుగా, నుదుటికి అడ్డంగా ఒక పక్కకి ఎక్కుతూ. ఒక్క చుట్టు వదులైతే తర్వాతవి అన్నీ వంకర. చివరి కొస వెనక దోపేస్తాడు, అడిగినవాళ్లకి కొంచెం బయటికి వదిలి కుచ్చులా విప్పుతాడు. బంక లేదు, సూది లేదు, పిన్ను లేదు. బిగువే దాన్ని నిలబెడుతుంది.

ఎత్తి నా తల మీద పెట్టాడు. బరువు లేదనిపించింది మొదట, రెండు నిమిషాలకి మెడ దానంతటదే నిటారుగా అయింది, తల వంచితే ఎక్కడ ఊడిపోతుందోనని. ప్యాలెస్ బొమ్మల్లో అందరూ అంత గంభీరంగా ఎందుకున్నారో నాకు ఇప్పుడు తెలిసింది, సగం గంభీరం, సగం టెన్షన్.

కొడగు (కూర్గ్) వాళ్లది వేరే, మండె తుణి అంటారు, అడుగు చదునుగా పళ్లెం లాగా ఉంటుంది, అది తనకి రాదని ఆయనే చెప్పాడు. దసరా ముందు రెండు నెలలు ఊపిరి సలపదు, మిగతా కాలం బ్లౌజులు. కట్టిన పేట అడిగేవాళ్లు తగ్గిపోయారు, సభలో అరనిమిషం ఉండేదానికి అంత గుడ్డ ఎవరు పెడతారు, ఆ మాటా నిజమే. అయినా ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. రెడీమేడ్ పేటలు ఆయన కూడా చేస్తాడు, మూలన కట్టలు కట్టి ఉన్నాయి, అయితే అట్ట తెల్లది వాడతాడట. అగరుబత్తీలది వాడడట.

చివరికి ఒప్పందం ఇలా కుదిరింది. కొత్త తెల్ల గుడ్డ, బంగారు అంచుతో. నాన్న పాత పేట ముందు భాగంలో జరీ ముక్క ఒకటి బాగానే ఉంది, దాన్ని కత్తిరించి కొత్త గుడ్డ మొదటి కొసకి కుడతాడు, చుట్టాక అది సరిగ్గా నుదుటి మీదికి వచ్చేలా. నాన్న తల చుట్టుకొలత కావాలంటే అమ్మకి ఫోన్ చేశాను, టేపు దొరక్క నవ్వారు తాడుతో కొలిచి తర్వాత స్కేలు పెట్టి చెప్పింది, ఇరవై రెండున్నర అంగుళాలు.

రేపు సాయంత్రం రమ్మన్నాడు. అడ్వాన్సు వద్దన్నాడు. ఆ అట్ట మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

మంగళవారం, శ్రీరంగపట్నం

పగలంతా ఖాళీ కాబట్టి శ్రీరంగపట్నం. 1784లో టిప్పు కట్టించిన దరియా దౌలత్ బాగ్ చిన్న చెక్క భవనం, గోడల నిండా బొమ్మలు. పడమటి గోడ మీద 1780 నాటి పొల్లిలూరు యుద్ధం, హైదర్ అలీ, టిప్పు సైన్యాలు ఇంగ్లీషువాళ్లని ఓడించింది. నిన్నటి అలవాటుతో ఇక్కడా తలలే చూశాను, ఇటు వరసలు వరసలుగా తలపాగాలు, అటు టోపీలు, ఎవరు ఎవరో కనుక్కోవడానికి ఇంకే ఆధారమూ అక్కర్లేదు. హైదరాబాద్ నిజాం కూడా ఉన్నాడు, యుద్ధం అయిపోయాక తీరిగ్గా వస్తున్నట్టు గీశారు, ఎగతాళిగా. గైడు ఆ ముక్క చెప్పేటప్పుడు ఊరు ఎక్కడని అడిగాడు నన్ను, బెంగళూరు అన్నాను.

సాయంత్రం పేట సిద్ధంగా ఉంది. ఊరికే తీసుకెళ్తే కాదు, కట్టడం నేర్చుకుని వెళ్లమన్నాడు పెద్దాయన, జారితే మళ్లీ మైసూరు రాలేవు కదా అని. గంటసేపు నేర్పించాడు. మొదటిసారి నా మోకాలికి ఫ్రాక్చరైనట్టు వచ్చింది, కుర్రాడు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. నాలుగోసారికి "పరవాగిల్ల" అన్నాడు, ఫరవాలేదని. కన్నడంలో ఈ మాట చాలా పెద్ద మనసుతో వాడతారు. ఆయన కట్టిందే గట్టి పెట్టెలో పెట్టించుకుని, రాత్రి బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, పక్క సీటాయన కేకు అనుకున్నాడు.

బుధవారం, ఇల్లు

నాన్న ముందు పెట్టె చూడలేదు, అట్ట చూశాడు. అగరుబత్తీల పువ్వు బొమ్మ, ఎండిన బంక. చెప్పకుండా దాచుదామని అనుకున్నాను కానీ దారిలో మనసు మారింది. వాసన చూశాడు. "అందుకే ఆ రోజు తలంతా గుడిలాగా ఉండె" అని నవ్వడం మొదలుపెట్టి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. ఆ అట్టని మళ్లీ పాత పెట్టెలోనే పెట్టేశాడు, పారేయనివ్వలేదు.

తర్వాత కొత్త పేట తీసి, నుదుటి దగ్గర పాత జరీ ముక్కని గుర్తుపట్టి, బొటనవేలితో ఒకసారి రాసి, పెట్టుకుని అద్దంలో చూసుకున్నాడు. బాగుందని అమ్మ అంది. బాగుంది. ఇక అక్కడితో అయిపోయిందని నేను అనుకునేలోపు వెనకనున్న కొస పట్టి లాగేశాడు. చుట్లన్నీ వదులై మొత్తం గుడ్డ సోఫా మీద నుంచి టీవీ స్టాండు దాకా పరుచుకుంది.

"ఎట్ల కడతరో చూపిస్తనంటివి కదా. కట్టు మరి."

అమ్మ గుమ్మం దగ్గర ఒక కొస పట్టుకుంది, నేను నాన్న తల మీదే మొదలుపెట్టాను, మోకాలి మీద వద్దన్నాడు. మొదటిసారి జరీ ముక్క మెడ వెనక్కి వెళ్లింది. రెండోసారి ఎడమ చెవి లోపలికి పోయింది. నీ తలే ఒక పక్కకి ఉంది నాన్నా అన్నాను, "తలపాగా చుట్టలేక తల వంకర అన్నాడట నీలాంటివాడే" అంది అమ్మ గుమ్మం దగ్గర నుంచి. మూడోసారి నిలబడింది. జరీ మెట్లు సమానంగా రాలేదు, అయినా నిలబడింది. నాన్న తీయలేదు, అలాగే వెళ్లి భోజనానికి కూర్చున్నాడు, పప్పుచారు పోసుకునేటప్పుడు పై చుట్టు ఒకటి జారి కంచం మీదికి వచ్చింది, ఎడమ చేత్తో దాన్ని పైకి పట్టుకుని కుడి చేత్తో తినేశాడు.